పై ఫ్లాట్ అంకుల్ కుదిర్చిన ట్రేడ్

నా చిన్నప్పుడు నన్ను అందరికంటే ఎక్కువగా భయపెట్టిన మనిషిని నేను ఒక్కసారి కూడా చూడలేదు. అతను అమెరికాలో ఒక బేస్‌బాల్ జట్టుకు కొత్తగా వచ్చిన జనరల్ మేనేజర్. మేం ఉండేది ఉత్తర ఐర్లాండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో. ఆ ఊళ్లో ఆ ఆట ఆడేవాళ్లను కూడా నేనెప్పుడూ చూడలేదు. అయినా కొన్ని వారాల పాటు అతని పేరు వింటే చాలు, నాకు చెవులు మూసుకోవాలనిపించేది. ఆ పేరు మా ఇంటిదాకా వచ్చింది మా పై ఫ్లాట్ అంకుల్ వల్ల.

అంకుల్‌ది గుంటూరు వైపు. బెల్‌ఫాస్ట్ రాకముందు చాలా ఏళ్లు అమెరికాలో ఉద్యోగం చేశారు. అక్కడి నుంచి ఈయన వెంట తెచ్చుకున్నది మోకాలి నొప్పి, ఎప్పుడూ ఓడిపోయే ఆ బేస్‌బాల్ జట్టు తప్ప ఇంకేమీ లేదని ఆయన భార్య, మా ఆంటీ, ఎగతాళి చేసేది. ఆ జట్టు టోపీని ఆయన ఇంట్లో కూడా తీసేవారు కాదు. మా నాన్నకు క్రికెట్ తప్ప ఇంకో ఆట తెలియదు. కానీ రెండు చలికాలాలు అంకుల్ సోఫాలో కూర్చునేసరికి ఆయనకూ ఆ పిచ్చి పట్టుకుంది. మాస్టర్స్ చదువుతూ టేక్‌అవే తిండి దుకాణంలో పనిచేసే ఒక కడప అన్న కూడా వచ్చేవాడు. శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ముగ్గురూ పై ఫ్లాట్‌లో చేరేవాళ్లు. అమ్మకు ఆసుపత్రిలో పని. ఆమె డ్యూటీ రోటాలో శనివారాలే ఎక్కువ పడేవి కాబట్టి నాన్న నన్నూ వెంట తీసుకెళ్లేవారు. నేను కింద తివాచీ మీద బొమ్మలు గీసుకుంటూ ఉండేదాన్ని. పిల్లలు బొమ్మలు గీసుకుంటున్నప్పుడు వాళ్లకు చెవులుంటాయని పెద్దలు మరిచిపోతారు.

చలికాలంలో బేస్‌బాల్ ఉండదు. ఆట లేనప్పుడే వాళ్ల మాటలు ఎక్కువ. ఆ ఆటలో జనరల్ మేనేజర్ అనేవాడు మైదానంలోకి దిగడు, బంతి ముట్టుకోడు. ఎవరు జట్టులో ఉండాలో, ఎవరు పోవాలో మాత్రం అతనే తేలుస్తాడు. మన ఆటగాణ్ణి వేరే జట్టుకిచ్చి వాళ్ల ఆటగాణ్ణి తెచ్చుకుంటే దాన్ని ట్రేడ్ అంటారు. చాలాసార్లు ఆ ఆటగాణ్ణి ఎవరూ అడగరు. ఇలా జరిగిపోయిన ట్రేడ్‌లన్నీ అంకుల్‌కు కంఠతా వచ్చు. వాటిలో బంతి విసిరే ఒక ఎడమచేతి పిచ్చర్ కథ ఆయనకు మానని గాయం. పదేళ్లు జట్టును మోసినవాణ్ణి ఇద్దరు కుర్రాళ్ల కోసం ఇచ్చేశారట. ఆ కుర్రాళ్లిద్దరూ ఎందుకూ పనికిరాలేదు. అతను మాత్రం అవతలి జట్టును గెలిపించాడు.

కొత్త జనరల్ మేనేజర్ వచ్చాడన్న వార్త తెలిసిన శనివారం ఆ గదిలో జరిగిన రచ్చ నాకింకా గుర్తుంది.

"కొత్తగా వచ్చినోడు ఊరికే కూర్చోడు తమ్ముడూ. నేనొచ్చానని నలుగురికీ తెలియాలిగా! ముందు పాతవాళ్ల మీదే పడతాడు చూడు," అన్నారు అంకుల్.

"మన జట్టులో పాతోళ్లు ఇంగ యాడుండారు అంకుల్? అందరినీ ఇచ్చేసిరి. మిగిలిండేది మీరొక్కరే," అన్నాడు కడప అన్న.

"ఈ మోకాలితో నన్ను ఏ జట్టు తీసుకుంటుందిరా?"

"ఊరికే ఇచ్చినా తీసుకోరులే అన్నగారూ," అన్నారు నాన్న. ముగ్గురూ పగలబడి నవ్వారు.

ఆ నవ్వు తగ్గాక అంకుల్ పిచ్చర్ కథ మళ్లీ ఎత్తుకున్నారు. ఈసారి నేను అంతకుముందు వినని ముక్క ఒకటి చెప్పారు. ఆ పిచ్చర్ పిల్లల్ని స్కూల్లో దింపి వస్తుంటే ఫోన్ వచ్చిందట. ఆ సాయంత్రానికే అతను వేరే ఊళ్లో ఉన్నాడు. ఇల్లు సర్దడం, పిల్లల స్కూలు మార్చడం, అన్నీ భార్య నెత్తిన పడ్డాయి. "ఫోన్ వస్తుంది. అంతే," అన్నారు అంకుల్. నా చేతిలో పెన్సిల్ ఆగిపోయింది.

ఎందుకంటే అదే వారం నాన్న ఆఫీసులో కూడా కొత్త మేనేజర్ వచ్చాడు. వంటగదిలో నాన్న అమ్మతో చెబుతుంటే విన్నాను. లండన్ నుంచి వచ్చాడు, పాతవాళ్లందరితో విడివిడిగా మాట్లాడతాడట. నాన్న పనిచేసే కంప్యూటర్ ప్రాజెక్టులో అందరికంటే పాతవారు ఆయనే. అది బ్యాంకులు కుప్పకూలిన చలికాలం. మాకు తెలిసిన ఇళ్లలో ఏ ఇద్దరు కలిసినా ఎవరి ఉద్యోగం పోయిందన్నదే మాట. మా వీసా నాన్న ఉద్యోగంతో ముడిపడి ఉందనీ, అది పోతే కొద్ది వారాల్లో దేశం విడిచి వెళ్లాల్సి రావచ్చనీ తొమ్మిదేళ్ల నాకు కూడా తెలుసు. అప్పటికే నాకది మూడో స్కూలు. లండన్‌లోని ఈస్ట్ హామ్ నుంచి ఒకసారి, ఆ తర్వాతి ఊరి నుంచి ఒకసారి కదిలాం. రెండుసార్లూ నాకెవరూ ముందుగా చెప్పలేదు. స్కూలు నుంచి వచ్చేసరికి హాల్లో అట్టపెట్టెలు కనిపించాయి. నా బొమ్మలు అప్పటికే వాటిలోకి వెళ్లిపోయాయి. పిల్లకు ముందే చెబితే బెంగపెట్టుకుంటుందని అమ్మానాన్నల ఉద్దేశం. మంచి ఉద్దేశమే. కానీ దానివల్ల నేను నేర్చుకున్నది ఒకటే: ఏ రోజైనా ఇంటికొచ్చేసరికి పెట్టెలు ఉండవచ్చు.

ఆ రోజు నుంచి ఫోన్ మోగితే బొమ్మ వదిలేసి నాన్న దగ్గరికి పరుగెత్తేదాన్ని. నాన్న "హలో" అనగానే ఆయన ముఖం చూసేదాన్ని. అమ్మమ్మ ఫోనో, ఎవరో ఏదో అమ్మజూపే ఫోనో అని తెలిశాకే మళ్లీ ఊపిరి తీసుకునేదాన్ని. అన్నం సహించేది కాదు. అమ్మ జలుబనుకుని మిరియాల చారు పెట్టింది.

తర్వాతి శనివారం నాన్న దగ్గర రెండు ఫోన్లున్నాయి. రెండోది ఆఫీసుది, బటన్ల నల్ల ఫోన్. ఆఫీసులో నాన్నతో పనిచేసేవాళ్లు రోటా ప్రకారం తలా ఒక వారం దాన్ని దగ్గర పెట్టుకోవాలి. ఎక్కడో సర్వర్ ఆగిపోతే అది మోగుతుంది. మోగిన వెంటనే ఎత్తాలి, ఇంట్లో ఉన్నా ఎక్కడ ఉన్నా ల్యాప్‌టాప్ తెరవాలి. ఆ వారం నాన్న వంతు. పై ఫ్లాట్‌లో సిగ్నల్ వంటగది కిటికీ దగ్గర మాత్రమే సరిగా అందేది కాబట్టి దాన్ని ఆ గట్టు మీద పెట్టి, తలుపు తీసి ఉంచి వచ్చి సోఫాలో కూర్చున్నారు. బయట వాన. లోపల జట్టు కొత్త జనరల్ మేనేజర్ ఎవరిని పంపిస్తాడన్న వాదన. ఆంటీ ఏదో పూజకని వెళ్లింది. నేను మంచినీళ్లకని వంటగదిలోకి వెళ్లాను.

నేను గ్లాసు అందుకుంటుండగా ఆ ఫోన్ గట్టు మీద గుర్రుమంటూ కదలడం మొదలుపెట్టింది. ఇంకా గంట మోగలేదు. నేను ఆలోచించలేదు. ఎర్ర బటన్ నొక్కాను. అది మళ్లీ కదిలింది. ఈసారి తెర నల్లగా అయ్యేదాకా నొక్కి పట్టుకున్నాను. గుమ్మం దగ్గర అందరి చెప్పులూ వదిలేచోట నా వానబూట్లు ఉన్నాయి. ఒక బూటులోకి ఫోన్‌ను జారవిడిచి, వచ్చి తివాచీ మీద కూర్చున్నాను.

ఫోన్ ఆగిపోతే భయం కూడా ఆగుతుందనుకున్నాను. ఆగలేదు సరికదా, ఇప్పుడు దానికి తోడుగా ఇంకోటి చేరింది. మోగుతుందేమోనన్న భయం పోయి, దొరుకుతుందేమోనన్న భయం పట్టుకుంది. కాగితం మీద ఒక్క గీత పడలేదు.

అరగంట గడిచిందేమో, నాన్న సొంత ఫోన్ మోగింది. సరిగా వినపడక ఆయన దాన్ని పట్టుకుని కిటికీ దగ్గరికి నడిచారు. ఆఫీసులో తోటి ఉద్యోగి. పెద్ద సర్వర్ ఆగిపోయిందట, ఆఫీసు ఫోన్‌కు చేస్తుంటే అసలు కలవడం లేదట, చేస్తున్నది కొత్త మేనేజరేనట. నాన్న గట్టు వైపు చూశారు. నాన్న ముఖం అంత తెల్లబోవడం నేనెప్పుడూ చూడలేదు. "ఇక్కడే పెట్టానే... ఇక్కడే కదా పెట్టాను," అంటూ ఆయన కిందికి, మా ఫ్లాట్‌లో ఉన్న ల్యాప్‌టాప్ కోసం పరుగెత్తారు. కడప అన్న సోఫా దిండ్లు ఎత్తి వెతకడం మొదలుపెట్టాడు.

నేను వెళ్లి చెప్పుల దగ్గర నిలబడ్డాను. అక్కడ నిలబడకూడదని తెలుసు, కానీ కాళ్లు అక్కడికే వెళ్లాయి. అంకుల్ నన్ను చూశారు. వచ్చి, గోడ పట్టుకుని, మూలుగుతూ ఆ చెప్పుల పక్కనే నేల మీద కూలబడ్డారు. ఆయన కింద కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"అమ్మలూ, మనిద్దరం ఒక ట్రేడ్ చేసుకుందామా?" అన్నారు మెల్లగా. "నీ దగ్గర ఒకటుంది. అది నాకు కావాలి. ఎందుకు తీశావని అడగను. బదులుగా నీకేం కావాలో అడుగు."

పెద్దవాళ్లు తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పడం నాకు అలవాటు. ఆ రోజు మాత్రం తెలుగే వచ్చింది. "మేం ఇక్కడే ఉండాలి. వెళ్లకూడదు," అన్నాను.

పిల్ల ఏడుస్తుంటే పెద్దవాళ్లు అనే మాట ఆయన అనేస్తే ఏ బాధా లేకపోయేది. 'అలాగేలే, ఎక్కడికీ వెళ్లరులే' అంటే నేను అప్పుడే ఫోన్ తీసిచ్చేదాన్ని.

"అది నా దగ్గర లేదమ్మా," అన్నారాయన. "మీ నాన్న దగ్గరా లేదు. లేనిదాన్ని ఇస్తానని చెప్పి ట్రేడ్ చేస్తే మోసం కదా! ఉన్నదాంట్లో అడుగు."

నేను ఆలోచించాను. అంత భయంలోనూ నన్ను ఒక మనిషి బేరానికి కూర్చోబెట్టాడన్న సంగతి నాకు అర్థమైంది. "వెళ్లాల్సి వస్తే నాన్న నాకు ముందే చెప్పాలి. పెట్టెలు వచ్చాక కాదు," అన్నాను.

"అదీ నా దగ్గర లేదు. కానీ ఇప్పిస్తా," అని చెయ్యి చాపారు.

బూటు వంచి ఫోన్ తీసి ఆ చేతిలో పెట్టాను. ఆయన దాన్ని కడప అన్నకిచ్చి "పరుగెత్తరా" అన్నారు. అన్న ఫోన్ వైపూ, నా బూటు వైపూ చూసి, "ఓరి నీ..." అని మింగేసి మెట్లు దిగాడు.

నాన్న పైకి రావడానికి గంటకు పైగా పట్టింది. అంతసేపూ అంకుల్ నా పక్కనే నేల మీద కూర్చున్నారు. నాన్న తలుపు దగ్గరే ఆగి నన్ను చూశారు. ఆ చూపులోని కోపం మాటగా మారకముందే అంకుల్ చెయ్యెత్తారు.

"తమ్ముడూ, ట్రేడ్ అయిపోయింది. నీ తరఫున నేనే సంతకం పెట్టా. వస్తువు నీకు చేరింది. నువ్వు ఇవ్వాల్సిందే మిగిలింది," అంటూ నేనడిగింది చెప్పారు.

నాన్న వచ్చి నా రెండో పక్కన చతికిలబడ్డారు. సర్వర్ బాగైందనీ, ఫోన్ తన అజాగ్రత్త వల్లే కనబడకుండా పోయిందని మేనేజర్‌కు చెప్పాననీ, సోమవారం మాట్లాడదామని అతను ఫోన్ పెట్టేశాడనీ అన్నారు. అదంతా అంకుల్‌తో కాదు, నాతో చెప్పారు. చివర్లో, "నాకూ భయంగానే ఉందమ్మా," అన్నారు.

సోమవారం స్కూల్లో ఏం పాఠాలు చెప్పారో నా చెవికెక్కలేదు. బడి వదిలాక గేటు దగ్గర అమ్మకు బదులు నాన్న ఉన్నారు, ఆఫీసు బట్టల్లో, తడిసిన తలతో. చూడగానే అర్థమైంది. ఆయన ఫుట్‌పాత్ మీద నా ఎత్తుకు కూర్చుని, తన ఉద్యోగం మార్చి నెల దాకే ఉంటుందని చెప్పారు. ఆ తర్వాత ఎక్కడికి వెళ్తామో తెలియదన్నారు. నేను అడగాల్సింది అడిగాను: "నేను ఫోన్ దాచినందుకా?" నాన్న బ్యాగులోంచి ఉత్తరం తీసి, పైన వేసిన తేదీ మీద వేలు పెట్టి చూపించారు. అది ఆ శనివారానికి ముందే రాసిన ఉత్తరం.

"అమ్మ ఇంకా డ్యూటీలో ఉంది. తనకు కూడా చెప్పలేదు. ముందు నీకే," అన్నారు.

చిత్రంగా, వారాలుగా నన్ను వెంటాడిన ఆ భయం అక్కడే, ఆ వానలోనే ఆగింది. జరగకూడదనుకున్నది జరిగింది, అయినా ఆగింది. అమ్మకు ఎలా చెప్పాలా అని ఇద్దరం మాట్లాడుకుంటూ ఇంటికి నడిచాం. ఆ వసంతంలో నాన్నకు లండన్‌లో పని దొరికి వెంబ్లీకి మారాం. ఈసారి నా బొమ్మలను నేనే సర్దుకున్నాను.

ఆ రోజు చెప్పుల మధ్య నేల మీద కూర్చున్న మనిషి, నాకు తేలికైన అబద్ధం ఒకటి ఇచ్చి పంపగలిగి కూడా ఇవ్వలేదు. ఆ తర్వాత ఎందరో భయపడ్డ మనుషులు అంతా బాగుంటుందని మాట ఇమ్మని నన్ను అడిగారు. ప్రతిసారీ నోటిదాకా వచ్చేది ఆ తేలికైన మాటే. మొన్నామధ్య మా అమ్మను పరీక్షలకు ఆసుపత్రిలో ఉంచుకున్నప్పుడు, నాలుగేళ్ల మా అబ్బాయి అమ్మమ్మ ఇంటికొచ్చేస్తుందా అని అడిగాడు. వాడి పక్కన నేల మీద కూర్చున్నాను. "ఇంకా తెలియదు నాన్నా. తెలిసిన రోజు ముందు నీకే చెబుతాను," అన్నాను. వాడు నా ముఖంలోకి కాసేపు చూసి, అన్నం పెట్టమన్నాడు.