మా బాబాయిగారు బయటే ఉండిపోయిన గుడి

మా బాబాయిగారు కొత్తపేటలోని తమ ఇంట్లో, మధ్యాహ్నం భోజనం చేసి పడుకున్నవారు పడుకున్నట్టే కన్నుమూశారు. నేను అమలాపురంలో కొబ్బరి కొట్టు దగ్గర ఉండగా పిన్ని ఫోను చేసి, "అబ్బాయ్, మీ బాబాయి లేవట్లేదురా" అని మాత్రం అన్నది. కర్మకాండ ముగిసింది. బంధువులు వెళ్ళిపోయారు. పందిరి విప్పించి, కుర్చీలు అద్దెవాళ్ళకు అప్పగించి, ఇప్పటికి కూర్చోగలిగాను. ఒంట్లో అలసట ఇంకా తీరలేదు. ఆయన గురించి రాయడానికి ఘనకార్యాలేవీ లేవు. ఒక ప్రయాణం ఉంది. అది నేను రాయకపోతే మరొకరు రాయరు.

ఆయన వృత్తి నీటి మోటార్లు బాగుచేయడం. ఏ అతిథిగృహంలో దిగినా సామాను లోపల పెట్టకముందే కుళాయి తిప్పి చూసేవారు. పెరట్లో మోటారు చప్పుడు చెవికి నచ్చకపోతే కాపలాదారును పిలిచి, "బేరింగు పోతోందండి, మీవాళ్ళకి చెప్పండి" అనేవారు. "రేపు ఖాళీ చేసే గదికి ఈ గోలెందుకండీ?" అని పిన్ని విసుక్కునేది. "మన తరవాత దిగేవాడు కూడా మన చుట్టమే అనుకోవాలే" అని ఆయన జవాబు. గది విడిచేటప్పుడు దుప్పట్లు తామే మడతపెట్టేవారు.

నేను పగలు కొట్టులో పనిచేసి, రాత్రి కాలేజీలో చదివి పట్టా పుచ్చుకున్నవాణ్ణి. ఆ మాట గర్వంగానే చెప్పుకుంటాను. నాకన్నా గర్వంగా ఆయన చెప్పుకునేవారు. పాత కట్టడాలంటే ఆయనకు ప్రాణం. ఎక్కడికి వెళ్ళినా అక్కడి పురావస్తు శాఖ వారి బోర్డు ముందు నన్ను నిలబెట్టి, దారినపోయే అపరిచితులను ఆపి, "ఉండండుండండి, మావాడు డిగ్రీ అండి, చదివి పెడతాడు" అనేవారు. నేను గొంతు సవరించుకుని మొదటినుంచి చివరిదాకా చదివేవాణ్ణి. పాపం, వాళ్ళు మర్యాదకు నిలబడి వినేవారు.

రెండేళ్ళ క్రితం పిన్నికి పెద్ద ఆపరేషను జరిగింది. లేచి తిరగగలిగితే శ్రీముఖలింగం వచ్చి అభిషేకం చేయిస్తానని ఆసుపత్రిలోనే మొక్కుకున్నది.

"పక్కనే మురమళ్ళ వీరేశ్వరుడుండగా శ్రీకాకుళం దాకా మొక్కేవేంటే?" అన్నారు బాబాయిగారు.

"పక్క మంచం ఆవిడ చెప్పిందండి. ఆ నొప్పిలో ఏ దేవుడి పేరు వినబడితే ఆ దేవుడికే మొక్కేసేను."

డాక్టరుగారు ఒక్కసారికి ఒప్పుకుని, ఇక మీదట దూరప్రయాణాలు కుదరవని గట్టిగా చెప్పారు. ఈసారి తప్పితే మొక్కు మరి తీరదన్నమాట. కారు అద్దెకు తీసుకుని నేనే నడిపాను. బాబాయిగారు, పిన్ని, మా ఆవిడ, నేను. దారిలో అనకాపల్లి దగ్గర శంకరం కొండమీది బౌద్ధ గుహలు చూశాము. మర్నాడు శాలిహుండం కొండ ఎక్కాము. పిన్ని రెండుచోట్లా కింద నీడలోనే కూర్చున్నది. ఎండలో మెట్లెక్కి దిగేసరికి మా ముగ్గురికీ కాళ్ళు పీకాయి. సాయంత్రం శ్రీకాకుళంలో ఒక అతిథిగృహంలో దిగి, ఎవరి మంచం మీద వాళ్ళం వాలిపోయాము.

అప్పుడే బాబాయిగారికి ఫోను వచ్చింది. ఆయన వరండా దిగి, గేటు దాకా వెళ్ళి, అక్కడే చాలాసేపు నిలబడ్డారు. తిరిగివచ్చి, చన్నీళ్ళతో తలస్నానం చేశారు.

"సాయంత్రంపూట తలస్నానమేంటండీ?" అన్నది పిన్ని.

"దుమ్మే" అన్నారు. ఆ రాత్రి గదిలోకి రాలేదు. వరండాలో బల్లమీదే పడుకున్నారు. "గదికి డబ్బులిచ్చి బల్ల మీద పడుకునే మనిషిని ఈయన్నే చూసేను" అని పిన్ని మా ఆవిడతో అన్నది. ప్రయాణపు బడలిక వల్ల చిరాకు పడుతున్నారనుకున్నాము.

ఉదయం శ్రీముఖలింగం చేరాము. ఊరి మొదట్లో, రోడ్డు పక్కనే సోమేశ్వరాలయం ఉంది. బాబాయిగారు అక్కడే కారు ఆపించి, "మోకాలు పట్టేసింది. నేనిక్కడుంటాను, మీరు పెద్దగుడికెళ్ళి రండి" అన్నారు.

"మొక్కు నాదైతే మాత్రం, పీటల మీద పక్కన మీరుండద్దా?" అన్నది పిన్ని.

"నువ్వుంటే చాలు. పద, ఆలస్యమవుతుంది."

అర్చకులు గోత్రం అడిగినప్పుడు పిన్ని ఆయన పేరు కూడా చెప్పి, పక్కనున్న ఖాళీ చోటు వైపు చూసింది. అభిషేకం నిండుగా జరిగింది. తిరిగివచ్చేసరికి ఆయన రోడ్డు అంచున చేతులు వెనక్కి కట్టుకుని, ఆలయం గోడమీది శిల్పాలను చూస్తూ నిలబడి ఉన్నారు. అలవాటు కొద్దీ నేను బోర్డు చదవబోయాను.

"వద్దురా. ఇవాళ చదవకు" అన్నారు.

పిన్ని ప్రసాదం అందించబోయింది. ఆయన ఒక అడుగు వెనక్కి వేసి, అందుకోలేదు. ఆమెకు కోపం వచ్చింది. దారిలో అన్నవరం కొండ కనబడినప్పుడు, దిగి దణ్ణం పెట్టుకుందామంటే ఆయన వద్దన్నారు. "ముసలితనంలో నాస్తికుడైపోయేడు మీ బాబాయి" అని, ఆమె అటుతిరిగి కూర్చున్నది.

జొన్నాడ దగ్గర ఆయన రేవు వైపు తిప్పమన్నారు. పొద్దు వాలుతోంది. అందరం దిగాక, గోదావరి వైపు చూస్తూ చెప్పారు.

"నిన్న సాయంత్రం ఫోనొచ్చింది. గల్ఫులో మా తమ్ముడు పోయేడు. మనిషిని తీసుకురాడానికి వారం పడుతుందంట. మీకెవరికీ ఫోన్లు చెయ్యొద్దని, నేనే చెప్తానని అన్నాను."

ఆ తమ్ముడు ఆయన చిన్నాన్నగారి కొడుకు. ఇద్దరూ ఒకే కంచంలో తిని పెరిగినవారు. జ్ఞాతి పోతే మాకు మైల. గుడి మెట్టెక్కకూడదు. కాని ఆ మైల కబురు చెవిన పడినప్పటినుంచే లెక్క, విననివారికి లేదు. మేము వినకుండా ఆయన ఒక రాత్రీ ఒక పగలూ ఆ కబురును ఒక్కరే పట్టుకుని ఉన్నారు.

"అన్నవరం అందుకే వద్దన్నారా మావయ్యగారూ?" అన్నది మా ఆవిడ.

"ఆయ్. మొక్కు ఒక్కటే కదమ్మా. దానికి సరిపడానే దాచేను. అంతకుమించి దాస్తే దొంగతనమైపోద్ది."

"శాస్త్రం ఒప్పుతుందా బాబాయ్?" అని అడిగాను. చదువుకున్నవాణ్ణి కదా, అడగకుండా ఉండలేకపోయాను.

"నాకు తెలీదురా. తప్పైతే విన్నవాడిది. విన్నది నేనొక్కణ్ణే."

మొన్న ఆయన పోయిన దినాలలో మైల మా ఇంటిల్లిపాదీ కలిసి పట్టాము. ఏడుపు వస్తే పక్కన ఒక భుజం ఉండేది. ఆ శ్రీకాకుళం బల్లమీద ఆయనకు అదీ లేదు. ఈ సంగతి నాకు ఇప్పుడు, ఒళ్ళు అలసిన తరవాత, సరిగ్గా తెలుస్తున్నది. ఆయనకు నేను కృతజ్ఞుణ్ణి.

ఆ సాయంత్రం రేవులో ఆయన ముందుగా దిగారు. మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడ్డాక, అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు వచ్చింది. భుజాలు మాత్రం కదిలాయి. పిన్ని చాలాసేపు గట్టునే నిలబడి చూసింది. "నాకు చెప్పకుండా ఎలా మోసేరండీ" అన్నది, మెల్లిగా, ఆయనకు వినబడనంతగా. తరవాత చెంగు నడుముకు దోపుకుని, మా ఆవిడ పట్టుకోబోయిన చేతిని విడిపించుకుని, నీళ్ళలోకి నడిచింది. ఆయన తల వంచారు. ఆమె దోసిళ్ళతో నీళ్ళు తీసి ఆయన తలమీద పోసింది. మళ్ళీ తీసి మళ్ళీ పోసింది.