ముల్లుకేం తెలుసు!

గద్వాల మగ్గాల వీధి దశరథం ఏ కారెక్కినా దాని ఇంజన్‌కు వేడి చేసిందంటాడు. మంచుగడ్డల్లో పాతిపెట్టి తీసిన కారైనా సరే, మధ్యలో ఆపించి, బానెట్ మీద అరచెయ్యి ఆనించి, జ్వరం చూసే డాక్టరులా పెదవి విరుస్తాడు.

కొడుకు ఉమేష్‌కు అది చూస్తే ఒళ్లు మండుతుంది. ఆ రోజు మరీనూ. నాగర్‌కర్నూల్ బట్టల షాపు నరేందర్ సేటు పదకొండులోగా చీరలు చూపించమన్నాడు. దాటితే వేరేవాళ్ల సరుకు తీసుకుంటాడట. డిక్కీలో ఇంటిల్లిపాదీ మూడు నెలలు నేసిన నేత ఉంది. వెనక సీట్లో, కూతురింటికి బయల్దేరిన తల్లి అంజమ్మ. ముందు దశరథం, ఒళ్లో 'ఇంజన్ కోసం' రెండు లీటర్ల నీళ్ల బాటిల్.

పెబ్బేరు రాకముందే మొదలైంది.

"ఆపురా. వేడి చేసింది."

"వేడి చూపే ముల్లు నడుమనే ఉంది నాయినా!"

"ముల్లుకేం తెలుసు? కింద నీళ్లు కారుతున్నయా? ఫ్యాను తిరుగుతుందా? బెల్టు వదులైందా? ఇవి చూస్కోకుండ మెకానిక్ తానకు పోతే ఆయన చెప్పిందే రోగం."

"అయితే మూత తీసి నీళ్లు పొయ్యి."

"కాగినప్పుడు తీస్తే మొకం మీదికి ఎగుర్తది. సల్లారనియ్. అప్పటిదాంక బెల్టు చూడు, తల బయటికి తియ్యకు!"

పెబ్బేరు దాటాక మళ్లీ అదే పాట. పళ్లు నూరుకుంటూ ఉమేష్ మళ్లీ బానెట్‌లో తల పెట్టాడు. వనపర్తిలో మూడోసారి "వేడి" అనగానే, ఈ పిచ్చి ఈరోజుతో తేలిపోవాలని కారును నేరుగా యాదయ్య మెకానిక్ షెడ్డులోకి తిప్పాడు.

యాదయ్య అంతా చూసి చేతులు తుడుచుకున్నాడు. "దీనికేం రోగం లేదు తమ్మీ. రోగమేందో మీ నాయిన్నే అడుగు."

ఉమేష్ తిరిగి చూస్తే కారు ఖాళీ. షెడ్డు వెనక బాత్రూం వైపు నుంచి దశరథం అంజమ్మ చెయ్యి పట్టుకుని నెమ్మదిగా వస్తున్నాడు. ఆమె ఆగి, బాటిలెత్తి గటగటా తాగింది. బాటిల్ సగమైంది. రేడియేటర్‌లో మాత్రం ఇంతవరకు ఒక్క చుక్క పోయలేదు.

తల్లి కారెక్కాక దశరథం గొంతు తగ్గించాడు. "మీ అమ్మ షుగరు మనిషాయె గదరా, మాటిమాటికి పోవాల్నాయె. నిరుడు దవాఖానకు పోయేటప్పుడు మూడోసారి ఆపమంటే ఏమన్నవ్?"

ఏమన్నాడో ఉమేష్‌కు గుర్తుంది. 'నిన్నెక్కించుకుంటే ఊరు చేరినట్టే.'

"గప్పట్నుంచి బండెక్కే రోజు పొద్దుగాల్నుంచి నీళ్లు ముట్టదు. నువ్వు కసురుతవని. నన్ను కసిరితే నాకేంది, దులుపుకుంట."

ఉమేష్ బానెట్ మెల్లగా మూశాడు. నోట్లో వేపాకు నమిలినట్టుంది.

బిజినేపల్లి దగ్గర పెట్రోలు బంకు కనబడింది. పదకొండుకు ఇరవై నిమిషాలే ఉంది. సేటు నుంచి ఫోన్ మోగుతోంది. అద్దంలో చూస్తే తల్లి కాళ్లు దగ్గరికి ముడుచుకుని, నోరు మూసుకుని కూర్చుంది. ఉమేష్ బంకులోకి తిప్పాడు.

"ఎందుకాపినవ్ రా? ముల్లు నడుమనే ఉంది గదా!" అన్నాడు దశరథం, ఏమీ ఎరగనట్టు.

"ముల్లుకేం తెలుసు నాయినా."

ఉమేష్ బానెట్ ఎత్తి తల లోపల పెట్టాడు. జేబులో ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. చెప్పుల చప్పుడు బాత్రూం వైపు వెళ్తుంటే, అంజమ్మ గొంతు వినిపించింది:

"తొందరేం లేదు కొడుకా. బెల్టు గూడ మంచిగ చూడు!"