రేపల్లె ఇంట్లో మూడో జోను

1993లో నా పోస్టింగు తెనాలి. దొంగతనాల అలారాలు బిగించే ఒక కంపెనీకి సర్వీసు ఇంజనీరుగా తెనాలి, బాపట్ల, రేపల్లె మూడూ నేనే చూసేవాణ్ణి. ఆ ఏడు వానాకాలంలో ఒకరోజు రేపల్లె పోలీసు స్టేషన్లో అడిగిన ప్రశ్నకు నిజమే చెప్పాను. అడగని నిజం మాత్రం మింగేశాను. ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో నేను చేసిన తప్పుల్లో పెద్దది అదే.

పని నాకు బాగా వచ్చు. నేను బిగించిన ప్యానెల్ తనిఖీలో తిరిగి రావడం అరుదు. ప్యానెల్ అంటే గోడకు బిగించే ఇనప పెట్టె. అందులో ఒక సర్క్యూటు బోర్డు, కరెంటు పోయినా పని ఆగకుండా ఒక బ్యాటరీ ఉంటాయి. ఇంట్లో ఒక్కో తలుపుకీ అయస్కాంతపు స్విచ్ పెట్టి, దాని తీగ తెచ్చి ప్యానెల్‌కు కలుపుతాం. అలా కలిపిన ఒక్కో దారినీ జోను అంటాం. ప్యానెల్ బిగించడం సగం పనే. ఏ జోను తెరుచుకుంటే ఏం జరగాలో దానికి నేర్పడం మిగతా సగం. కంపెనీ ప్రమాణాల ప్రకారం ఇంటివాళ్ళు రాకపోకలు సాగించే ఒక్క తలుపుకే ఆలస్యం ఇవ్వాలి. అంటే తలుపు తీశాక లోపలికొచ్చి మీటల పలక మీద నంబరు నొక్కేంత వ్యవధి. మిగతా తలుపులు, కిటికీలు తెరిచిన మరుక్షణం సైరన్ మోగాలి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన నంబర్లు మార్చాలి. ఇంటివాళ్ళ నంబరు వేరు, ప్యానెల్ అమరిక మార్చే ఇంజనీరు నంబరు వేరు. ఏ జోనునైనా ఆపి ఉంచాల్సి వస్తే ఇంటి యజమాని చేత సంతకం పెట్టించుకోవాలి.

రేపల్లెలో ఆ ఇల్లు వెంకటరత్నం గారిది. అడవులదీవి దగ్గర రొయ్యల చెరువులు వేసి, రెండు పంటలు కలిసొచ్చి, కొత్తగా మేడ కట్టాడు. వీధి తలుపు నిలువెత్తు టేకు, దాని మీద నెమళ్ళు. లోపల నేలంతా పాలరాయి. నేను వెళ్ళినప్పుడల్లా ఆ తలుపు తీసి, హాల్లో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చేవారు. నాతో వచ్చిన వైర్‌మన్ మస్తాన్ పెరటి వైపు నుంచి వచ్చి నిచ్చెన వేసుకునేవాడు. మస్తాన్ తెనాలివాడు, నాకంటే పదేళ్ళు పెద్ద. గోడ చెక్కకుండా తీగ దాచడంలో అతనికి సాటి లేదు.

నేను కాఫీ తాగి, ఇంటి ప్లాను చూసి, వీధి తలుపును ఒకటో జోను చేసి ఆలస్యం ఇచ్చాను. పెరటి తలుపును మూడో జోను చేసి, తీస్తే వెంటనే మోగేలా పెట్టాను. ప్లాను మీద చూస్తే ప్రమాణాల్లో ఎక్కడా తప్పు లేదు. అయితే ఆ ఇంట్లో నెమళ్ళ తలుపు చుట్టాలకే తీస్తారన్న సంగతి నేను అడగలేదు. చెరువుల మీద నుంచి మోకాళ్ళ దాకా బురదతో వచ్చే మనిషి పాలరాతి మీద నడుస్తాడా? వెంకటరత్నం గారు పెరట్లో కుళాయి కింద కాళ్ళు కడుక్కుని వెనక తలుపులోంచే వస్తాడు. ఆయన తల్లి, భార్య, పాలబ్బాయి, చేపలమ్మాయి అందరి దారీ అదే.

నెల తిరక్కుండానే ఫోన్ వచ్చింది. వెళ్తే ఆయన తల్లి సుబ్బమ్మ గారు ఆ నెమళ్ళ తలుపు దగ్గరే నిలబడి ఉంది.

"ఏంటి నాయనా ఇది? దొంగ ఇంతవరకూ రాలేదు గానీ, నా కొడుకు మూడుసార్లు దొంగయ్యాడు. బజారంతా వచ్చి చూసిపోయింది" అంది.

అసలు చెయ్యవలసింది పెరటి తలుపు దగ్గర ఇంకో మీటల పలక పెట్టి, ఆలస్యం దానికి మార్చడం. ఆ పలక నా దగ్గర లేదు, విజయవాడ నుంచి తెప్పించాలి. బాపట్లలో ఒక బ్యాంకు పని ముందుంది. ఇంజనీరు నంబరు కొట్టి మూడో జోనును పూర్తిగా ఆపేశాను. "ఇక మోగదమ్మా" అన్నాను. బాగైందని ఆవిడ అనుకుంది. సంతకం అడగలేదు. అడిగితే పెరటి తలుపుకు కాపలా లేదని చెప్పాలి కదా. వారంలో వచ్చి సరిచేద్దామనుకున్నాను. వారం నెలైంది, నెల రెండైంది. ఆ పని ఇంకా మిగిలి ఉందన్న సంగతి నాకు గుర్తుంది, మర్చిపోయానని అబద్ధమాడను.

వానాకాలంలో ఆ ఇంటిల్లిపాదీ బాపట్లలో పెళ్ళికి వెళ్ళారు. పట్టపగలే ఎవరో పెరటి తలుపు గడియ పెకలించి బీరువా ఖాళీ చేశారు. సుబ్బమ్మ గారి గాజులూ వెండి సామానూ పోయాయి. సైరన్ మోగలేదు.

కబురందగానే నేనూ మస్తానూ రైల్లో రేపల్లె వెళ్ళాం. ప్యానెల్ తెరిచి నంబరు కొట్టి చూశాను. మూడో జోను నేను ఆపినట్టే ఉంది. మూత వేసేశాను. తర్వాత మమ్మల్నిద్దర్నీ స్టేషనుకు రమ్మన్నారు.

ఎస్సై నెమ్మదైన మనిషి. గడియ పగిలింది, తీగలు తెగలేదు, బెల్లు మోగలేదు, అలా ఎలా జరుగుతుందని అడిగాడు. ఇంజనీరు నంబరుతో ఆ ఒక్క తలుపునూ ఆపొచ్చని చెప్పాను.

"ఆ నంబరు మీకు కాక ఇంకెవరికి తెలుసండి?"

"మస్తాన్‌కి తెలుసండి" అన్నాను.

అది నిజం. పరీక్షల కోసం నేనే చెప్పాను. మస్తాన్ గుమ్మం పక్కన నిలబడి ఉన్నాడు. నావైపు చూశాడు. నేను ఇంకో వాక్యం చెబుతాననే చూశాడని నా నమ్మకం. ఆ నెలలోనే విజయవాడలో నాకు పై పోస్టు ఖాయమయ్యేలా ఉంది. సంతకం లేకుండా జోను ఆపానని తెలిస్తే పోస్టు సంగతి అటుంచి ఉద్యోగమే ఉండదు. ఎస్సై మస్తాన్‌ని బెంచీ మీద కూర్చోమని, నన్ను వెళ్ళమన్నాడు.

వెంకటరత్నం గారు వరండాలోనే ఉన్నాడు. "ఇల్లంతా చూపించాం కదయ్యా అతనికి, ఏ మూల ఏముందో" అన్నాడు, తనలో తాను అనుకుంటున్నట్టు. మా పనిలో ఆ ఒక్క మాట చాలు. అలారం బిగించేవాడికి ప్రతి ఇంటి గుట్టూ తెలుస్తుంది. అతని మీద ఒకసారి అనుమానపు నీడ పడితే ఇంకెవరూ గుమ్మం తొక్కనివ్వరు. మస్తాన్‌కి వేరే పని రాదు.

తెనాలి రైలెక్కాక చూసుకుంటే నా చేతిలో రెండు సంచులున్నాయి. రెండోది అతని పనిముట్ల సంచి. అతని ఇంట్లో ఇచ్చేద్దామని వెళ్ళాను. అతని భార్య జైనబ్ తలుపు తీసి, సంచి చూసి, నా వెనక వీధిలోకి చూసింది.

"ఆయనేరండీ? సంచి లేకుండా పనెట్టా చేస్తాడు?"

పని కొంచెం మిగిలిందని చెప్పబోయాను. "తీసుకొస్తానమ్మా" అని సంచితో సహా వెనక్కి తిరిగాను. దొరికిన బస్సెక్కి, దీపాలు పెట్టే వేళకు మళ్ళీ స్టేషన్లో ఉన్నాను.

ఎస్సైకి జరిగింది జరిగినట్టు చెప్పి రాసిచ్చాను. ఆయన చదివి, "పొద్దున ఎందుకు చెప్పలేదండి?" అన్నాడు. భయపడ్డానని చెప్పాను. వెంకటరత్నం గారికీ అక్కడే చెప్పాను. ఆయన కోపం నా మీదికి తిరిగింది, అది న్యాయమే. మస్తాన్‌ని పంపేశారు. పోయిన సొత్తు దొరకలేదు, దొంగలెవరో ఇప్పటికీ తెలియదు. అందుకే ఆ సాయంత్రం నేను చెప్పకపోతే అతని మీది అనుమానం పోయేందుకు ఇంకే ఆధారమూ ఉండేది కాదు.

తెనాలిలో తిరుగు బస్సు దిగాక మస్తాన్ సంచి నా చేతిలోంచి తీసుకుని, "అడిగినదానికి చెప్పారు సార్, తప్పేముంది" అని వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.

కంపెనీకి నేనే ఉత్తరం రాశాను. ఉద్యోగం తీసెయ్యలేదు. పై పోస్టు పోయింది, ఇంక్రిమెంటు ఆపారు. అది నాకు పడవలసిన శిక్షే.

మస్తాన్‌ని పోలీసులు వదిలినా ఊరు వదల్లేదు. బాపట్లలో ఒక ఇంటివాళ్ళు వేరే వైర్‌మన్‌ని పంపమన్నారు. అప్పుడు మస్తాన్ ఇంటికి వెళ్ళి, మనం బిగించిన ఇళ్ళన్నీ ఇద్దరం కలిసి తిరుగుదామని అడిగాను. చాలాసేపు ఆలోచించి వచ్చాడు. మొదట వెంకటరత్నం గారి ఇంటికే వెళ్ళాం. విజయవాడ నుంచి తెప్పించిన పలకను పెరటి గుమ్మం పక్కన మస్తాన్ బిగించాడు, నేను నిచ్చెన పట్టుకున్నాను. సుబ్బమ్మ గారు మా ఇద్దరికీ కాఫీ అక్కడే, పెరటి అరుగు మీదే ఇచ్చింది. "ఈసారైనా ఇంట్లో మనుషులెవరో కనుక్కున్నావా నాయనా?" అని నన్నే అడిగింది.

తర్వాత ఇంటింటికీ వెళ్ళి ఒకటే చెప్పాను: రేపల్లెలో తలుపు ఆపింది నేను, నోరు మూసుకున్నది నేను, ఇతనికి సంబంధం లేదు. కొందరు కుర్చీలు వేశారు, కొందరు గుమ్మంలోనే విన్నారు. చివరిది బాపట్లలో మస్తాన్‌ని వద్దన్న ఇల్లు. అక్కడ కూడా చెప్పి బయటికొచ్చాం. ఇంకెవరైనా మిగిలారా అని లెక్క చూస్తుంటే మస్తాన్ అడ్డుపడ్డాడు.

"ఇక చాలించండి సార్. ఇంకా చెబితే చేసింది నేనేనేమో, మీరు కాస్తున్నారేమో అనుకుంటారు."

స్టేషన్లో ఆ రోజు తర్వాత అతను నాతో నవ్వుతూ మాట్లాడింది అదే మొదలు. అక్కడితో ఆపాను.

ప్రమాణాలు నేను ఇప్పటికీ గౌరవిస్తాను. అవి తలుపుల గురించి చెబుతాయి, ఏ తలుపులోంచి ఎవరొస్తారో మనమే కనుక్కోవాలి. రిటైరయ్యేదాకా ఏ ఇంట్లోనైనా ప్యానెల్ మూత తెరిచే ముందు ఒక ఉదయం పెరటి వైపు కూర్చుని వచ్చేపోయేవాళ్ళను చూశాను. ఏ జోను ఆపినా, ఎవరు ఆపారో నా పేరుతోనే రాసి ప్యానెల్ పక్కన గోడకు అంటించాను. ఇంట్లోకి మాత్రం మస్తాన్ వెళ్ళిన తలుపులోంచే వెళ్ళాను.