జారిపడ్డానండి

జగ్గయ్యపేట ప్రభుత్వ ఆస్పత్రిలో సివిల్ అసిస్టెంట్ సర్జన్‌గా చేరిన రెండో ఏడాది, వేసవి మొదట్లో, ఒక సబ్‌జైలు బాధ్యత కూడా నాకు అప్పగించారు. అది ఏ ఊరిదో రాయను. వారానికోసారి వెళ్ళి రిమాండు ఖైదీలను, అంటే కేసు తేలేదాకా జైల్లో ఉంచమని కోర్టు చెప్పినవాళ్ళను, చూసి రిజిస్టరులో సంతకం పెట్టాలి.

మూడోసారి వెళ్ళినప్పుడు కోటయ్య అనే లారీ డ్రైవరు కుంటుతూ వచ్చి వరుసలో నిలబడ్డాడు. ముక్త్యాలవాడు, క్వారీ దగ్గర కొట్లాట కేసు. ఏమైందని అడిగాను.

“బాత్రూంలో జారిపడ్డానండి,” అన్నాడు, నా వెనకున్న హెడ్ వార్డరు వైపు చూస్తూ.

చొక్కా విప్పించాను. వీపంతా జంట చారలు, రెండింటి మధ్య చర్మం మామూలుగా ఉంది. లాఠీ దెబ్బ అలాగే తేలుతుంది. అరికాళ్ళు వాచి నల్లబడ్డాయి. మూత్రం పట్టించి చూస్తే డికాషన్ రంగులో ఉంది. కండరాలు బాగా నలిగితే ఆ రంగు వస్తుంది, కిడ్నీలు దెబ్బతింటాయి.

“జారిపడ్డానని వాడే చెప్తున్నాడుగా మేడమ్, అదే రాసేయండి,” అన్నాడు హెడ్ వార్డరు, మర్యాదగానే. “వారం వారం మీరు ఈ గేటు లోపలికి రావాల్సిన వాళ్ళు.”

గేటుకు తాళం వేసి ఉంది. తాళంచెవి అతని దగ్గరే ఉంది. గాయాల మాట రాయలేదు. కిడ్నీ పరీక్షకు వెంటనే ఆస్పత్రికి పంపాలని రాశాను. అది అబద్ధమూ కాదు.

ఆస్పత్రిలో ఎస్కార్టు కానిస్టేబులును తలుపు బయట కూర్చోబెట్టి మళ్ళీ అడిగాను. తాగే నీళ్ళు చాలడం లేదని తనిఖీకి వచ్చిన మేజిస్ట్రేటుగారితో చెప్పినందుకు పది రోజులుగా కొడుతున్నారట. మిగతా ఖైదీలను నిలబెట్టి చూడమనేవారట.

“రాయొద్దండి,” అన్నాడు. “రాసేసి మీరు ఇంటికెళ్ళిపోతారు. నేను మళ్ళీ అక్కడికే పోవాలి గదండీ.”

“నువ్వు ఈ మంచం మీద ఉండగానే మేజిస్ట్రేటుగారికి తెలియాలి. అక్కడికి పోయాక తెలిస్తే లాభం లేదు,” అన్నాను.

అతను మెల్లగా బోర్లా తిరిగాడు. టేపుతో ఒక్కో గాయం కొలిచి, పొడవు, రంగు రాసి, గాయాల సర్టిఫికెట్టును సీలు కవరులో కోర్టుకు పంపాను.

తర్వాత మూడు రోజులు నందిగామలో మా ఇంటికి వెళ్ళే బస్సులో జైలు వార్డరు ఒకడు మామూలు బట్టల్లో వచ్చి నా వెనక సీట్లో కూర్చునేవాడు. నేను దిగితే దిగేవాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేకపోయాను.

నాలుగో రోజు మేజిస్ట్రేటుగారే ఆస్పత్రికి వచ్చి కోటయ్య వాంగ్మూలం తీసుకుని, అతన్ని మరో జైలుకు మార్పించారు. హెడ్ వార్డరును సస్పెండు చేశారు. విచారణలో తోటి ఖైదీలంతా ఏమీ చూడలేదన్నారు. వాళ్ళను తప్పుపట్టను. కొన్ని నెలలకు హెడ్ వార్డరు తిరిగి డ్యూటీలో చేరాడు.

కొన్ని గాయాలు అప్పటికే పసుపు తిరిగాయని, అంటే వారం దాటినవని, నేనే రాశాను. అది చూసి మేజిస్ట్రేటుగారు అంతకుముందు వారం నేను సంతకం పెట్టిన రిజిస్టరు తెప్పించారు. అందులో కోటయ్య పేరు ఎదురుగా నా చేతిరాతలోనే ఉంది: ‘ఆరోగ్యం బాగుంది.’ ఆ రోజు ఎవరి చొక్కానూ విప్పించలేదు. హెడ్ వార్డరు పక్కన నిలబడి ఉండగా వరుసగా అడిగి, సంతకం పెట్టి వచ్చాను.

మిగిలిన సర్వీసంతా ఖైదీని చూడాల్సివస్తే ముందు కాపలాను మాట వినపడనంత దూరం పంపేదాన్ని, తర్వాత చొక్కా విప్పించేదాన్ని, ఆ తర్వాతే ప్రశ్న. ఈ వరుస తప్పితే డాక్టరు పెట్టే సంతకం ఖైదీని కొట్టినవాడికే పనికొస్తుంది.