మైసయ్య పూడ్చిన గుంత

మా ఆయన మైసయ్య తాపీమేస్త్రి. దినమంత ఒకలింటి గోడ కట్టి, పొద్దూకినంక రోడ్డు మీది గుంతలు పూడుస్తడు. చెయ్యమన్నోడు లేడు, శభాష్ అన్నోడు లేడు. "నువ్వేమన్న మున్సిపాలిటోడివా?" అని నేను గయ్యిమంటే, నా కుడిచెయ్యి దిక్కు చూసి మళ్ల పార అందుకుంటడు.

గా చెయ్యి సంగతి చెప్త. నిరుడు చలికాలంల తుఫాను వాన వారం రోజులు కొట్టింది. చలికాలంల గదేం వానో! దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ దాక రోడ్డంత జల్లెడైంది. మా గల్లీ మలుపుకాడి గుంత నీళ్లు నిండి కానరాలె. ఈయన స్కూటర్ తీస్కపోయి దాంట్లనే దింపిండు. ఎనక కూసున్న నేను ఎగిరి పడ్డ, మోచెయ్యి విరిగింది. ఇప్పటికీ సక్కగ చాపనీకి రాదు. జడ ఏసుకోవాలన్నా ఇంకొకల్లను పిలవాలె.

"ఇంగ గీడ ఎవ్వల్ని పడనియ్య" అని ఒట్టేసుకుండు. అడుగున మూడు పెద్ద రాళ్లు పేర్చి, సందుల్ల కంకర కొట్టి, మీద మొరం పోసి గట్టిగ దిమ్మిస కొట్టిండు. ఏడాది సంది బస్సులు పోయినా కదల్లే.

ఈ యేడు తెలంగాణ కోసం సమ్మె. మా బస్తీవాళ్లు రోడ్డు మీద వంటావార్పు పెట్టిన్రు. డేగిసాలొచ్చినయ్, బియ్యమొచ్చింది, కట్టెలొచ్చినయ్. పొయ్యి రాళ్లు ఎవ్వలూ తేలే! అందరిండ్లల్ల గ్యాసాయె, రాళ్లెవలికి యాదికుంటయ్? "మేస్త్రీ, రాళ్లేవి?" అన్నరు. గంతే, ఈయన గడ్డపార పట్టుకొని ఉరికిండు. చూస్తే గుంతనే తవ్వుతుండు!

"నీకేమన్న దిమాక్ ఉన్నదా?" అన్న.

"తెలంగాణ కోసం మూడు రాళ్లియ్యనా? మాపటికల్ల మళ్ల పెడ్తనే!"

అన్నం ఉడికింది. డప్పులు మోగినయ్. ఈయన గొంతు పోయేదాక జై తెలంగాణ అన్నడు. మాపటికి రాళ్లు కాగి నిప్పులెక్కున్నయ్. "జర సల్లారనీ" అన్నడు. సల్లారకముందే వాన దంచింది, రోడ్డంత నీళ్లే. ఇద్దరం రాళ్లు మోసుకొని పోతుంటే మలుపుకాడ కేక ఇనొచ్చింది.

ఇందిరాదేవి టీచరమ్మ. మా పక్కింట్ల కిరాయికుండే గుంటూరామె. గుంతల బోర్లపడ్డది, మణికట్టు వంకర తిరిగింది. మా ఆయన రాయి ఇసిరేసి ఆమెను లేపి కూసోబెట్టిండు. ఆమె ఈయన భుజం గట్టిగ పట్టుకొని ఏడుస్తున్నది.

"నీళ్లున్నా, మీరు పూడ్చిన చోటే కదా అని ధైర్యంగా అడుగేశానండీ మైసయ్యగారూ. మళ్లీ ఎవరు తవ్వారండీ?"

పొద్దంత అరిచిన మనిషి ఇప్పుడు ఇసిరేసిన రాయి దిక్కు చూస్తుండు. నాకు ఒళ్లు మండింది.

"చెప్పు. నువ్వే తవ్వినవని చెప్పు" అన్న.

చెప్పిండు.

టీచరమ్మ ఆయన భుజం ఇడిసిపెట్టి, నన్ను పట్టుకొని లేసింది.