గుల్షన్ బేగం వదలని చెయ్యి

తొర్రూరులో గాజులమ్మే గుల్షన్ బేగం ఒకసారి చెయ్యి పట్టిందంటే చివరి గాజు ఎక్కేదాకా వదలదు. ఫోనంతా ఎడమ బొటనవేలితోనే. కూతురు ఫిజా ఆమెకో యాప్ చేసిచ్చింది. అందులో పెళ్లికూతుళ్ల చీరల ఫొటోలుంటాయి.

పెళ్లికూతురు గోరీకి సగం గాజులు తొడిగాక, రంగు సరిచూద్దామని గుల్షన్ చీర ఫొటోను నొక్కిపట్టింది. పంపే, తుడిచేసే గుర్తుల వరుస వచ్చి కింది మెనూను కప్పేసింది. వెనక్కి పోదామని అలవాటైన చోటే నొక్కితే, అక్కడికొచ్చిన తుడిచేసే గుర్తు మీద వేలు పడి ఫొటో మాయమైంది.

“నీ యాప్ పాడుగాను! ఇప్పుడు రంగెట్ల కలపాలె?”

“జర చూసి నొక్కొద్దా, అమ్మీ?”

“గాజు చిట్లితే నువ్వు చూస్తవా?”

ఫిజా లాప్‌టాప్ తెరిచి, ఆ వరుసను మెనూకు పైన, రెండూ కనబడేలా అమర్చింది. గోరీ వాళ్లన్న తండా నుంచి ఫొటో మళ్లీ పంపాడు. రంగు కలిసింది.

“అవ్వా, గిప్పుడన్న చెయ్యి వదులు,” అంది గోరీ.

“ఇంకా రెండున్నయ్. కూసో.”