పెదనాన్న అయిదు రాజ్యాలు

మా పెదనాన్నకి ఏది కంటబడినా అది ఏ రాజ్యానికి చెందుతుందో తేల్చందే ముద్ద దిగదు. రాజులేలే రాజ్యాలు కావు. జీవశాస్త్రజ్ఞులు ప్రాణమున్నవాటినన్నిటినీ అయిదు వాటాలు వేశారు కదా, అవి: బాక్టీరియాల మొనీరా, శిలీంధ్రాలు, మొక్కలు, జంతువులు, ఇక వీటిలో ఎక్కడా ఇమడని చిన్న జీవాల ప్రొటిస్టా. బడిలో ఏళ్ళ తరబడి ఈ పాఠమే చెప్పి ఆయన రిటైరయ్యారు. పాఠం మాత్రం రిటైరవలేదు.

కూరగాయల కొట్టుకి ఆయన వెంట వెళ్ళడమంటే నాకు ప్రాణసంకటం.

"పుట్టగొడుగుల్ని క్యాబేజీ పక్కన పెట్టావేమమ్మా? అవి మొక్కలు కావు."

"తాజావే బాబుగారూ, పొద్దునే వచ్చాయి."

"అది కాదమ్మా. మొక్కలకంటే అవి మనకే దగ్గర చుట్టాలు."

"అయితే చుట్టాలకి ఇంకో గుప్పెడు ఎక్కువే వేస్తాలెండి!"

ఇంట్లో ఫ్రిజ్‌కి అయిదు అరలు. పెరుగు మొనీరాలో, గుడ్లు జంతువుల్లో, పుట్టగొడుగులు విడిగా వాటి అరలో. ప్రొటిస్టా అర ఎప్పుడూ ఖాళీ. పెద్దమ్మ కన్నంతా దాని మీదే.

"ఊరికే పడుంది కదా, మంచినీళ్ళ సీసా పెట్టుకుంటానండీ."

"నీళ్ళకి ప్రాణం లేదు. పౌరసత్వం రాదు."

"మరి నాకు దాహమేస్తే?"

"తాగెయ్. నీలోకి వెళ్ళాక చూద్దాం."

మనుషులకీ మినహాయింపు లేదు. వండి నలుగురినీ పోషిస్తుంది కనుక పెద్దమ్మ మొక్క. ఉద్యోగం వెతుకుతున్నానంటూ మంచం దిగని కొడుకు, అంటే మా అన్నయ్య, శిలీంధ్రం. "పక్కవాళ్ళ మీద పెరుగుతాడు" అనేవారు. తను జంతువు: తిరుగుతారు, తింటారు, వండలేరు.

ఎం.ఏ. సాహిత్యం చదవడానికి నేను ఆ ఇంట్లో దిగిన రోజున అందరూ నా చుట్టూ చేరి, "ఏం మాట్లాడవేమే?" అని ఒకటే పోరు. పెదనాన్న కళ్ళజోడు సర్దుకుని నన్ను ఎగాదిగా చూశారు. "ఇది ప్రొటిస్టా. కదిలించకండి" అని తీర్పిచ్చేశారు. మెట్ల పక్క చిన్న గది నాదయింది. తర్వాత ఆయన పుస్తకం తిరగేస్తే, 'ఎందులోనూ ఇమడనివాటిని ఇందులో చేర్చారు' అని ఉంది. చివుక్కుమంది. నిజమే కదా.

కొన్నాళ్ళకి వాళ్ళ అమ్మాయి, మా అక్క, పసిపాపతో వస్తున్నానని ఫోన్ చేసింది. ఆమెకి గది కావాలి. ఇంట్లో మిగిలినవి రెండే: నాదీ, పెదనాన్న సీసాల గదీ. ఆ రెండోదాని మాటెత్తే ధైర్యం ఎవరికీ లేదు. కుళ్ళకుండా మందులో నానబెట్టిన కప్పలూ, పాములూ, మైక్రోస్కోపూ ఉన్న ఆ గదిని ఊడవడానికి పెద్దమ్మకే అనుమతి లేదు.

భోజనాల దగ్గర అన్నయ్య తేల్చేశాడు. "చెల్లి హాస్టల్లో చేరితే సరిపోతుందిగా."

నేను కంచంలోకి తలదించుకున్నాను. రేపు కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే ఇవాళే గొంతు పోయే మనిషిని. హాస్టలంటే గదినిండా కొత్తవాళ్ళే.

"అయినా నాన్నా," అన్నయ్య రెచ్చిపోయాడు, "ప్రొటిస్టాని ఒక రాజ్యం కింద లెక్కెయ్యకూడదని ఇప్పటి శాస్త్రజ్ఞులే దాన్ని ముక్కలు చేసేశారటగా? లేని రాజ్యానికి గదెందుకు?"

పెదనాన్న ఎత్తిన ముద్ద కంచంలో పెట్టేశారు.

"చేశారు, కాదనను. కానీ ఎవర్నీ వీధిలోకి నెట్టలేదురా, వేరే గదులు కట్టించారు! మొక్కలకీ, జంతువులకీ, నీ శిలీంధ్రాలకీ ముత్తాతలు ఆ వాటాలోంచి వచ్చినవాళ్ళే. పుట్టింటినే ఖాళీ చేయిస్తావా?"

"మరి అక్కకి గది?"

"నా సీసాల గది."

పెద్దమ్మ గరిటె జారిపోయింది. "మరి మీ కప్పలు?"

"అవి ఎప్పుడో చచ్చాయిగా. ప్రాణం లేనివాటికి పౌరసత్వమేమిటి?" అని ముద్ద నోట్లో పెట్టుకున్నారు. నేనూ ముద్ద కలుపుకున్నాను.

మర్నాడు సీసాలన్నీ అటకెక్కాయి. ఒక్కోదాన్నీ పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఆయనే ఎత్తుకెళ్ళారు. మైక్రోస్కోపు మాత్రం నా బల్ల మీదకి వచ్చింది. "ఓ మూల ఉంటుంది, మాట్లాడదు. నీకు ఇబ్బంది లేదుగా?" అని నన్నే అడిగారు.

అక్క వచ్చింది. పాప ఎవరి పోలికో అని అందరూ చూస్తుంటే, పెదనాన్న మాత్రం ఏ రాజ్యమో అని చూస్తున్నారు.

"కదల్లేదు, వండుకోలేదు, ఇంకొకరి మీదే పెరుగుతుంది..."

"అయితే నా రాజ్యమే!" అన్నాడు అన్నయ్య ఆశగా.

"ఛ, ఆకలేస్తే ఇది ఏడుస్తుంది, నీకు ఆ మాత్రం చురుకూ లేదు. తొందరపడి తేల్చకూడదు. ప్రస్తుతానికి ప్రొటిస్టా." పాపని తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. "నీ మనిషి. చూసుకో."

మురిసిపోయేలోపే నా ఒళ్ళు వెచ్చగా తడిసింది.

పెద్దమ్మ పకపకా నవ్వింది. "చూశారా? నీళ్ళు కూడా ఆ రాజ్యంలో చేరిపోయాయి!"

పెదనాన్న ఓడిపోయానన్నట్టు చేతులెత్తేశారు. ఆ సాయంత్రం నుంచీ ప్రొటిస్టా అరలో పెద్దమ్మ మంచినీళ్ళ సీసా దర్జాగా ఉంటోంది.